నల్లరేగడిలో 12×16 గది: ముగ్గు పోస్తున్నాం, ఐమూలలు కలవట్లేదు, పునాది లోతు కూడా తేలట్లేదు

కందిచేను:
అందరికీ నమస్కారం. తాండూరు దగ్గర మాకు ఎకరం చేను ఉంది, పక్కా నల్లరేగడి, కంది వేస్తాం. చేనులో ఒక పక్కన ఉండటానికి చిన్న గది మేమిద్దరమే కట్టుకుందామని మొదలుపెట్టాం. మా ఆయనకి వెల్డింగ్ బాగా వచ్చు కాబట్టి పైన అంతా ఇనుప ఫ్రేము, గోడలకి సిమెంటు బోర్డులు, పైన రేకులు. స్తంభాల సెంటర్ నుంచి సెంటర్‌కి 12 అడుగులు, 16 అడుగులు, ముందు ఇంకో 6 అడుగులు వసారా. పైపని మీద మాకు ధైర్యం ఉంది, టెన్షన్ అంతా పునాది గురించే.

మొదటిది, నాలుగు మూలలకీ గూటాలు కొట్టి దారం లాగాం. పొడవులు రెండూ 16, వెడల్పులు రెండూ 12, సరిగ్గా వచ్చాయి. ఐమూలలు (ఎదురు మూలల మధ్య ఏటవాలు కొలతలు) మాత్రం ఒకటి 20 అడుగుల 2 అంగుళాలు, ఇంకొకటి 19 అడుగుల 10 అంగుళాలు వస్తున్నాయి. ఒక గూటం జరిపితే ఇంకో పక్క కొలత తప్పుతోంది. ఎటు జరపాలి?

రెండోది లోతు. చూడ్డానికి వచ్చిన మేస్త్రీ 3 అడుగులు తవ్వి రాతి కట్టుబడి చేస్తే చాలు, మీది తేలిక గదే కదా అన్నాడు. కానీ పక్క చేనులో మోటారు గది అలాగే కట్టారు, ప్రతి వేసవిలో తలుపు పైమూల నుంచి ఏటవాలుగా పగులు విచ్చుకుంటుంది, వానాకాలంలో మూసుకుంటుంది. అది చూశాక మనసొప్పట్లేదు.

మూడోది, మా గట్టు దిక్కులకి సరిగ్గా లేదు, కొంచెం వంకర. గది దిక్కులకే ఉండాలని మా అత్తమ్మ పట్టు. మిరుగు (మృగశిర కార్తె) లోపల పునాది నేల మీదికి రావాలని మా ఆశ. తెలిసినవాళ్ళు చెప్పండి.

పల్నాడు మేస్త్రీ:
చెల్లెమ్మా, ముందు ఐమూల సంగతి చెప్తాను. ఎదురెదురు వైపులు సమానంగా వచ్చి ఐమూలలు తేడా వచ్చాయంటే మీ కొలతల్లో లోపం లేదు, చట్రం ఒక పక్కకి ఒరిగింది అంతే. ఒక్కో గూటం విడిగా జరిపితే ఎప్పటికీ కుదరదు. ఒక 16 అడుగుల దారాన్ని అసలు కదపొద్దు, అదే మీ ఆధారం. ఎదురుగా ఉన్న 16 అడుగుల దారం రెండు గూటాలనీ కలిపి, ఒకే వైపుకి, దారం వెంబడే జరపండి, పెద్ద ఐమూల తగ్గే వైపుకి. మీకున్న 4 అంగుళాల తేడాకి సుమారు రెండున్నర అంగుళాలు జరిపితే రెండూ 20కి వచ్చేస్తాయి. 12, 16 పెట్టుకోవడం మీకు కలిసొచ్చింది, 3-4-5 లెక్కకి (వైపులు 3, 4 అయితే ఐమూల 5) నాలుగింతలు, ఐమూల కచ్చితంగా 20 అడుగులు రావాలి, లెక్కలు వేసే పనే లేదు.

ఇంకా తేలికైన పద్ధతి కావాలంటే రెండు టేపులు తీసుకోండి. ఆధారం దారం మీద ఒక మూలలో ఒకరు 12 అడుగులు పట్టుకుని, రెండో మూల నుంచి ఇంకో టేపు 20 అడుగులు లాగి, ఆ రెండు అంకెలూ ఎక్కడ కలుస్తాయో అక్కడ మూడో గూటం. ఇద్దరే ఉన్నప్పుడు టేపు కొక్కేలని గూటం నెత్తిన కొట్టిన మేకుకి తగిలిస్తే సరి. గూటం మీద మేకు ఉండాలి, దారం మేకుకే కట్టాలి. గూటం మందమే రెండంగుళాలు ఉంటుంది కదా, దారం దాని చుట్టూ తిప్పితే ఏ అంచు నుంచి కొలిచారో మీకే తెలియదు.

బట్ట టేపు వాడొద్దు, సాగుతుంది. ఇనుప టేపు నేల వాలు వెంబడి కాకుండా మట్టంగా పట్టుకుని కొలవండి. 16 అడుగుల్లో 2 అడుగుల వాలు ఉంటే వాలు మీద కొలిచిన 16, నిజానికి ఒకటిన్నర అంగుళం తక్కువ. పల్లం వైపు టేపు పైకెత్తి, దారానికి కట్టిన తూకం గుండు వేలాడదీసి, అది ఎక్కడ తాకితే అక్కడ గూటం కొట్టాలి.

అసలు ముఖ్యమైనది ఇది. మూలలో గూటం కొట్టి ముగ్గు పోసి గుంత తవ్వితే మొదటి పారకే ఆ గూటం పోతుంది, ముగ్గూ పోతుంది. అందుకే ప్రతి దారాన్నీ గది దాటించి బయటికి 4 అడుగుల దూరం తీసుకెళ్ళి అక్కడ గట్టి గుంజలు రెండు పాతి, వాటికి అడ్డంగా పట్టీ కొట్టి, పట్టీ మీద మేకుకి కట్టండి. తవ్వేటప్పుడు దారం తీసేస్తారు, కాంక్రీటు వేసే రోజు మళ్ళీ అదే మేకుకి కడతారు, రెండు దారాలు దాటుకునే చోట గుండు వదిలితే గుంత అడుగున స్తంభం సెంటరు దొరుకుతుంది. ఈ పట్టీలన్నీ ఒకే మట్టానికి కొట్టుకుంటే పునాది ఎత్తు కూడా వాటి నుంచే దించుకోవచ్చు. మట్టం చూడటానికి నీళ్ళు నింపిన సన్నటి పారదర్శక పైపు చాలు, మిషను అక్కర్లేదు. పైపులో గాలిబుడగ ఒక్కటి కూడా ఉండకూడదు, ఎండలో ఒక కొస నీడలో ఒక కొస పెట్టకూడదు.

విశ్రాంత ఇంజినీరు:
మేస్త్రీ గారు ముగ్గు గురించి చెప్పినదానికి నేను కలపాల్సింది లేదు. నేను మట్టి గురించి చెప్తాను, ఎందుకంటే ‘తేలిక గదే కదా’ అన్న మాట నల్లరేగడిలో తలకిందులు. మామూలు నేలలో భయం ఇల్లు దిగుతుందని. నల్లరేగడిలో అంతకన్నా పెద్ద భయం, లేస్తుందని. ఈ మట్టిలోని బంక నీళ్ళు పీల్చుకుని ఉబ్బినప్పుడు చదరపు మీటరుకి 20 టన్నులు దాటి కూడా నెట్టగలదు. మూడంతస్తుల ఇంటి బరువు దాన్ని కొంతైనా అణిచిపెడుతుంది. రేకులు, బోర్డుల గదికి ఆ బరువెక్కడిది? కాబట్టి తేలికపాటి కట్టడాలే ఇక్కడ ముందు పగులుతాయి. ప్రహరీలు, మోటారు గదులు, బడి వరండాలు చూడండి. మీరు చెప్పిన పగులు వేసవిలో తెరుచుకుని వానల్లో మూసుకోవడం దీనికి సరైన గుర్తు.

గది కట్టాక కింద మట్టి తడి బయటికి పోదు, చుట్టూ మట్టి మాత్రం ఎండుతుంది, తడుస్తుంది. అందుకే మూలలు ఒకలా, మధ్య ఒకలా కదులుతాయి. అంతా సమానంగా లేచి సమానంగా దిగితే ఎవరికీ బాధ లేదు, తేడాగా కదలడంతోనే చిక్కు. ఈ తడి ఆరడం మన దగ్గర సుమారు 3.5 మీటర్ల లోతు దాకా తెలుస్తుంది. 3 అడుగుల రాతి కట్టుబడి సరిగ్గా కదిలే పొరలోనే కూర్చుంటుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. తవ్వే లోతు నుంచి మట్టి తీసి, బాగా ఎండబెట్టి, మెత్తగా నలిపి జల్లించి, నిలువు గోడల గాజు గ్లాసులు రెండింటిలో సమానంగా కొంచెం కొంచెం వేయండి. ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి కలిపి 24 గంటలు కదపకుండా ఉంచండి. కిరోసిన్‌లో ఈ మట్టి ఉబ్బదు. నీళ్ళ గ్లాసులో మట్టి ఎత్తు కిరోసిన్ గ్లాసులో ఎత్తుకి రెట్టింపు ఉంటే నూటికి నూరు శాతం ఉబ్బుతున్నట్టు. ల్యాబుల్లో కొలత గీతలున్న గాజు గొట్టాల్లో 10 గ్రాముల మట్టితో చేసేది ఇదే. 50 శాతం దాటితే జాగ్రత్తపడాలి.

ఇక పునాది. నల్లరేగడి చాలా లోతుంటే మన దేశంలో దీనికి బాగా నిలిచిన పద్ధతి అండర్‌రీమ్డ్ పైల్, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. చేతి ఆగర్‌తో (తిప్పుతూ మట్టి తోడే బర్మాతో) 25 సెంటీమీటర్ల బెజ్జం 3.5 మీటర్లు దించి, అడుగున దాన్ని రెండున్నర రెట్ల వెడల్పుకి గంటలా విప్పి, చువ్వల బుట్ట దించి కాంక్రీటు పోస్తారు. పై మట్టి ఉబ్బి పైకి లాగినా అడుగున ఉబ్బెత్తు పట్టుకుంటుంది. చువ్వలు అడుగు దాకా ఉండాల్సింది కూడా ఆ లాగుడు కోసమే. ఒక్కో పైల్‌కి పావు ఘనపు మీటరు లోపే కాంక్రీటు, రెండు బస్తాల సిమెంటు. మీకు నాలుగు మూలలు, 16 అడుగుల వైపుల మధ్యలో రెండు, వసారాకి రెండు, మొత్తం 8. వాటి మీద ప్లింత్ బీమ్ (పునాదుల్ని కలిపే కాంక్రీటు దూలం) వేసేటప్పుడు బీమ్ అడుగుకీ నేలకీ మధ్య కనీసం 3 అంగుళాలకి పైగా ఖాళీ వదలాలి. నేల మీద ఆనించి పోస్తే ఉబ్బిన మట్టి బీమ్‌నే ఎత్తుతుంది, పైల్స్ పెట్టిన ఫలితం పోతుంది.

కానీ ముందు గోతి తవ్వి చూడండి. తాండూరు చుట్టుపక్కల నాపరాయి చాలాచోట్ల తక్కువ లోతులోనే తగులుతుంది. దగ్గర్లో పాత దిగుడుబావి ఉంటే దాని గోడ చూడండి, ఏ పొర ఎంత మందమో అక్కడే కనిపిస్తుంది.

డాలస్ నుంచి:
ఇది చదువుతుంటే మా వీధి గుర్తొచ్చింది. ఇక్కడ ఉత్తర టెక్సస్‌లో కూడా ఇదే ఉబ్బే నల్లబంక. వేసవిలో ఇళ్ళ చుట్టూ పునాది పక్కనే సన్న రంధ్రాల గొట్టాలు పరిచి మట్టికి నీళ్ళు పడతారు, తడి ఒకే తీరుగా ఉండాలని. చేనులో అది కుదరదేమో కానీ మీరు చేయగలిగింది ఒకటుంది, గది చుట్టూ బయటికి వాలుగా ఒకటిన్నర మీటర్ల చప్టా వేసుకోండి, రేకుల మీద నీళ్ళు పునాది పక్కన పడకుండా దూరంగా మళ్ళించండి. చెట్టు దగ్గర్లో ఉంటే ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరం జరగండి. వేర్లు వేసవిలో నీళ్ళు పీల్చేస్తే ఆ మూల ఒక్కటే దిగుతుంది.

వాస్తు తెలిసిన రామయ్య:
అత్తగారి మాట తీసేయకండి, ఖర్చు లేని పని. దిక్సూచి చూసేటప్పుడు ఇనుప గూటాలు, చువ్వల కట్ట, కారు దగ్గర లేకుండా చూసుకోండి, లేకపోతే ముల్లు తప్పు చూపిస్తుంది. ఆధారం దారాన్నే తూర్పు పడమరలకి పెట్టుకుంటే మిగతావన్నీ దానికి మూలమట్టం కాబట్టి వాటంతట అవే సరిపోతాయి. తవ్వడం ఈశాన్యం మూల నుంచి మొదలుపెట్టండి.

కందిచేను:
అందరికీ ఎంతో కృతజ్ఞతలు. పల్నాడు అన్నయ్య చెప్పినట్టు ఆధారం దారం దిక్కులకి పెట్టి, రెండు టేపులతో మూడో మూల పట్టుకున్నాం. ఐమూలలు రెండూ 20కి వచ్చాయి, తేడా దారం మందమంతే. అత్తమ్మ కూడా వచ్చి చూసి ముగ్గు తనే పోసింది.

గ్లాసుల పరీక్షలో నీళ్ళ గ్లాసులో మట్టి కిరోసిన్ గ్లాసుకి రెట్టింపు దాకా లేచింది. ఈశాన్యం మూల గోతి తవ్వితే నాలుగున్నర అడుగుల దాకా నల్లమట్టి, కింద కొంచెం పసుపు మొరం, దాని కింద పలకలా నాపరాయి తగిలింది. ఎదురు మూల నైరుతిలో తవ్వితే అక్కడా రాయే, కానీ ఇంకో అడుగు లోతులో. ఇప్పుడు పైల్స్ కావాలా సార్? వసారా స్తంభాలు రెండూ చిన్నవే కదా, వాటికి మామూలుగా 2 అడుగుల గుంతలు చాలా?

విశ్రాంత ఇంజినీరు:
రాయి దొరికితే పైల్స్ అవసరం లేదు, రాతి మీదికే దిగండి. అయితే తాండూరు నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, రెండు పలకల మధ్య బంకమట్టి ఉండొచ్చు. గడ్డపారతో గట్టిగా కొట్టి వినండి, డొల్ల శబ్దం వస్తే ఆ పలక తీసేసి కింది దాని మీదికి వెళ్ళండి. రాయి మీద మట్టి ఒక్క పిసరు లేకుండా కడిగి, అక్కడే ఫుటింగ్ (స్తంభం కింద వెడల్పాటి కాంక్రీటు దిమ్మ) వేసి, స్తంభం పైకి లేపండి. గుంతలు ఒకదానికొకటి లోతు తేడా ఉన్నా ఫర్వాలేదు, అన్నీ రాయి మీద కూర్చోవాలి, పైన బీమ్ మట్టం ఒకటే ఉండాలి. స్తంభం చుట్టూ తవ్విన నల్లమట్టి మళ్ళీ నింపొద్దు, మొరం పొరలు పొరలుగా వేసి తడిపి దిమ్మిస చేయండి. ఇసుక కూడా వద్దు, వాననీళ్ళన్నీ ఆ గుంతలోకే దిగుతాయి. గది లోపల గచ్చు కిందా అంతే, పై నల్లమట్టి వీలైనంత తీసి మొరం వేయండి, దాదాపు ఒక మీటరు మందం ఉంటే మేలు. ఉబ్బని బంకమొరం పొర అడుగు మట్టి ఉబ్బుని అణుస్తుందని ఐఐటీ బాంబే ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి గారు చూపించారు.

వసారాకి 2 అడుగుల గుంతలు అస్సలు వద్దమ్మా. గది రాయి మీద కదలకుండా ఉండి, వసారా స్తంభాలు ఏటా లేచి దిగుతుంటే రెండింటికీ కలిపి వేసిన రేకుల ఫ్రేము వెల్డింగ్ దగ్గరే విరుగుతుంది. ఆ రెండూ కూడా రాయి దాకా దించండి.

పల్నాడు మేస్త్రీ:
ఇంకొక్క మాట, బావగారికి చెప్పు చెల్లెమ్మా. కాంక్రీటులో బోల్టులు పెట్టేటప్పుడు చేత్తో గుచ్చొద్దు. స్తంభం కింద వెల్డింగ్ చేసే బేస్ ప్లేటునే ముందు బెజ్జాలు వేసి, దాన్ని అచ్చులా పెట్టి, బోల్టులు దానికి నట్లతో బిగించి, దారాల కింద సెంటరు చూసి అప్పుడు పోయండి. మరలకి గ్రీజు రాసి ప్లాస్టిక్ చుట్టండి. పోసిన వెంటనే, గట్టిపడకముందే, ఐమూలలు మళ్ళీ కొలవండి. ఆ గంటలో అయితే అర అంగుళం జరపొచ్చు, మర్నాడు కుదరదు.