టోక్యోకి కొత్తగా వస్తున్నాం. నిషికసాయిలోనే ఇల్లు తీసుకోవాలా?

కొత్త_ప్రయాణం: మా వారికి ఓతెమాచిలో ఉద్యోగం వచ్చింది. బాబుకి నాలుగేళ్లు. జపనీస్ ఒక్క ముక్క రాదు. అందరూ నిషికసాయి అంటున్నారు. నిజంగా అక్కడే ఉండాలా?

గోదావరి_గట్టు: కళ్లు మూసుకుని నిషికసాయి తీసుకోండి. తొజాయ్ లైన్లో రైలు మారక్కర్లేదు. 2000 ప్రాంతంలో వై2కే పనికి, అంటే కంప్యూటర్లలో తేదీల సమస్య సరిచేయడానికి, వచ్చినప్పటి నుంచీ మనవాళ్లున్నారు. కందిపప్పు, చింతపండు నడిచెళ్లి తెచ్చుకోవచ్చు. యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ ఇల్లు దొరికితే రెయికిన్ (ఇంటాయనకి ఇచ్చే, తిరిగిరాని డబ్బు) లేదు, హామీదారు అక్కర్లేదు, బ్రోకర్ కమిషన్ లేదు.

మితాకా_మధు: తొజాయ్ రైళ్లు ఇటు మితాకా దాకా కూడా వస్తాయి. యూఆర్ ఇళ్లు ఊరంతా ఉన్నాయి. పైగా నిషికసాయి ఉన్న ఎదొగావా వార్డు 2019లో ఇచ్చిన వరద మ్యాపు చూశారా? పెద్ద వరదొస్తే ఆ వార్డులో ఉండొద్దని వార్డువాళ్లే రాశారు.

గోదావరి_గట్టు: ఆవిడ అడిగింది వరద గురించి కాదు. నేను మొదట వేరేచోట దిగి రెండు నెలల అద్దె రెయికిన్ కట్టాను. పైసా తిరిగి రాలేదు. అంతకుముందు విదేశీయులకి ఇల్లు ఇవ్వను అని ఒక ఇంటాయన మొహం మీదే చెప్పాడు.

చిబా_శ్రీను: ఎక్కడ దిగినా 14 రోజుల్లోపు అక్కడి వార్డు ఆఫీసులోనో సిటీ ఆఫీసులోనో అడ్రసు నమోదు చేయించండి. ఏ రోజు ఏ చెత్త వేయాలో చెప్పే క్యాలెండర్ కూడా అక్కడే అడగండి.

మితాకా_మధు: మళ్లీ రెయికినేనా! పిల్లాడి సంగతి చూడండి. 2019 అక్టోబరు నుంచి యోచియెన్ (జపనీస్ కిండర్‌గార్టెన్) ఫీజు నెలకి 25,700 యెన్‌ల దాకా ప్రభుత్వమే భరిస్తోంది. అది వదిలి ఇండియన్ స్కూలుకి అంత పోసి, పక్కింటి పిల్లాడితో ఆడుకోలేని పిల్లల్ని తయారుచేస్తున్నారు.

గోదావరి_గట్టు: మా పిల్లల జోలికి రాకండి. వాళ్లు రేపు హైదరాబాద్‌లో చదవాలి. నేనిక్కడ స్థిరపడటానికి రాలేదు.

మితాకా_మధు: నేను స్థిరపడటానికే వచ్చాను. అందుకే చెబుతున్నాను.

ఉరావా_ఉష: వాదించుకుంటున్న మీరిద్దరూ ఆఫీసుకెళ్లేవాళ్లే. పగలంతా ఇంట్లో ఉండేది ఆవిడ. మా పాపని యోచియెన్‌లో వేశాం. టీచరు నోటుబుక్కులో చేత్తో రాసి పంపేది. ఫోన్‌తో ఫోటో తీస్తే ఆ చేతిరాతకి అర్థంపర్థం లేని అనువాదం వచ్చేది. రేపు డబ్బా కట్టాలా, వాళ్లే అన్నం పెడతారా అన్నది కూడా తెలిసేది కాదు. చుట్టుపక్కల అడగడానికి ఒక్క తెలుగు మనిషి లేదు. సాయంత్రం మా వారొచ్చేదాకా అదే టెన్షన్. మొదటి ఏడాది మనవాళ్ల దగ్గర ఉండండమ్మా. కానీ వార్డులో నడిచే జపనీస్ క్లాసులో వచ్చిన వారమే చేరండి.

మితాకా_మధు: ఏడాది అనే అందరూ దిగుతారు. పిల్లాడు ఒక బడికి అలవాటు పడ్డాక కదలడం అంత తేలికా? ముందు ఎన్నాళ్లుంటారో తేల్చుకోండి, తర్వాత ఇల్లు.

కొత్త_ప్రయాణం: ఆ మాటే మా ఇంట్లో ఇంకా తెగలేదండీ. ఆయన మూడేళ్లు అంటారు, నేను బాబు చదువయ్యేదాకా అంటాను.

గోదావరి_గట్టు: మితాకా అయినా సరేనమ్మా, రెయికిన్ మాత్రం కట్టకండి. ముందు యూఆర్ ఆఫీసులో అడగండి.