పొలంలోని రాళ్ల వలయం సమాధా, పాత గొర్రెల దొడ్డా?

ములుగు జిల్లాలో మా పొలం గట్టు పక్కన గుండ్రంగా నాటిన 19 బండరాళ్లు ఉన్నాయి. వలయం అడ్డకొలత 9 మీటర్లు. నడుమ చిన్న రాళ్ల కుప్ప, దాని కింద నేలకు సమంగా ఒక రాతి పలక అంచు. మొన్నటి వానకు మట్టి కొట్టుకుపోయి ఒక కుండపెంకు బయటపడింది. లోపల నల్లగా, బయట ఎర్రగా, చేత్తో తడిమితే గాజులా నున్నగా ఉంది.

ఊరి పెద్దలు దీన్ని రాకాసి గుడి అంటారు. జానంపేట దగ్గరి ఇనుప యుగపు సమాధుల ఫోటోలతో పోల్చి చూశాను. అక్కడ చాలాచోట్ల పలకల గదులు పైకే కనిపిస్తాయి, ఇక్కడ అంతా మట్టిలోనే ఉంది కాబట్టి ఏమీ తేలలేదు. సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు ఉత్తరం రాశాను. 4 నెలలైనా జవాబు లేదు.

ఇది గొర్రెల దొడ్డి పునాదే అంటూ మా పాలివాళ్లు వచ్చే దుక్కికి ట్రాక్టరుతో రాళ్లు తీయిస్తామంటున్నారు. నేను తవ్వను, తవ్వనివ్వను. ఒకప్పుడు ఎవరో తమవాళ్లను కన్నీళ్లతో సాగనంపిన చోటు కావచ్చు ఇది.

తవ్వకుండా, పైకి కనిపించే ఏ గుర్తును బట్టి ఇది సమాధి వలయమని వాళ్లకు రుజువు చేయగలను?