రక్తం పలచబడే మాత్ర గడ్డను కరిగించదట, మరి కరిగించేది ఎవరు?

వెన్నెల_2:
అందరికీ నమస్కారం. రెండు నెలల కిందట మా నాన్నకి ఎడమ పిక్క వాచింది, ముట్టుకుంటే వేడిగా, రాయిలా గట్టిగా ఉంది. డాప్లర్ స్కాన్ తీసి లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది, డీవీటీ అన్నారు. ఆ రోజు నుంచి రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు. ఆ మాత్రలే గడ్డను కొంచెం కొంచెంగా కరిగిస్తున్నాయని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. మొన్న చెకప్‌కి వెళ్తే డాక్టర్ గారు "మాత్ర గడ్డను కరిగించదమ్మా, పెరగకుండా ఆపుతుంది అంతే, కరిగించే పని ఒళ్లే చూసుకుంటుంది" అన్నారు. బయట చాలామంది ఎదురుచూస్తున్నారు, ఇంకేం అడగలేకపోయాను.

అప్పట్నుంచి అదే ఆలోచన. ఒంట్లో ఏది కరిగిస్తుంది? ఆ శక్తి ఉన్నప్పుడు మొదటి రోజే ఎందుకు కరిగించలేదు? పక్షవాతం వస్తే నాలుగున్నర గంటల్లోపు ఇంజెక్షన్ ఇవ్వాలంటారు కదా, అది కరిగించే మందే అయితే నాన్నకి ఎందుకు ఇవ్వలేదు? పైగా మొదట్లో చేసిన డీ-డైమర్ అనే రక్తపరీక్షలో అంకె చాలా ఎక్కువ ఉంది, ఆ కాగితం చూసినప్పుడల్లా టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

ఫైబ్రిన్_పోగులు:
వెన్నెల గారూ, మీ డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను నాలుగేళ్లుగా పీహెచ్‌డీలో చేస్తున్నది ఇదే పని, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఏమనుకోకండి.

రక్తంలో ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ ఎప్పుడూ కరిగి ఉంటుంది, లీటరుకి సుమారు 2 నుంచి 4 గ్రాములు. రక్తనాళం తెగినా, సిరలో రక్తం కదలకుండా నిలిచిపోయినా త్రాంబిన్ అనే ఎంజైమ్ తయారై ఈ ఫైబ్రినోజెన్ కొసల్ని కత్తిరిస్తుంది. అంతే, అవి ఒకదానికొకటి అతుక్కుని ఫైబ్రిన్ అనే పోగులవుతాయి, పోగులు వలవుతాయి, ఆ వలలో ఎర్ర కణాలు చిక్కుకుంటాయి. అదే మీరు చెప్తున్న గడ్డ. తర్వాత 13వ ఫ్యాక్టర్ అనే ఇంకో ఎంజైమ్ వచ్చి ఆ పోగుల్ని అడ్డంగా కుట్లు వేసి బిగిస్తుంది.

ఇక కరిగించేది. ప్లాస్మినోజెన్ అని ఇంకో ప్రోటీన్ కూడా రక్తంలోనే నిద్రపోతున్నట్టు ఉంటుంది, వల అల్లుకునేటప్పుడే అది కూడా పోగుల్ని పట్టుకుని లోపల చేరుతుంది. అంటే విప్పేది కూడా గడ్డ పుట్టినప్పుడే దాని కడుపులో కూర్చుని ఉంటుందన్నమాట. రక్తనాళం లోపలి పొర కణాలు టీపీఏ అనే ఎంజైమ్‌ని వదులుతాయి, అది ప్లాస్మినోజెన్‌ని లేపి ప్లాస్మిన్‌గా మారుస్తుంది, పోగుల్ని తెంపేది ఆ ప్లాస్మినే. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఏమిటంటే, ఉత్త రక్తంలో టీపీఏ దాదాపు పనిచేయదు, అదీ ప్లాస్మినోజెనూ ఒకే ఫైబ్రిన్ పోగు మీద పక్కపక్కన కూర్చుంటేనే వేగం వందల రెట్లు పెరుగుతుంది. అందుకే ప్లాస్మిన్ గడ్డ ఉన్నచోటే పుడుతుంది, తప్పించుకుని రక్తంలోకి వచ్చిందా, యాంటీప్లాస్మిన్ అనే ప్రోటీన్ క్షణాల్లో పట్టేస్తుంది.

మా ల్యాబ్‌లో దీన్ని కళ్లారా చూస్తాం. 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో లేత పసుపు ప్లాస్మా (కణాలు తీసేసిన రక్తం) పోసి, కాల్షియం, త్రాంబిన్, చిటికెడు టీపీఏ కలిపి మెషిన్‌లో పెడతాం. కాసేపటికి పసుపు నీళ్లు పాలు కలిపినట్టు మసకబారతాయి, స్క్రీన్ మీద గీత పైకి లేస్తుంది. తర్వాత చాలాసేపు ఏమీ జరగదు. అప్పుడు గీత మెల్లగా కిందికి వంగుతుంది, గుంటలో మళ్లీ తేటనీళ్లు. ఆ గీత వంగే వేళకి నేను ఇప్పటికీ కుర్చీ వదిలి వెళ్లను.

మొదటి రోజే ఎందుకు కరగలేదంటే, బ్రేకులు కూడా ఒళ్లే పెట్టుకుంది. అవి లేకపోతే చిన్న గాయానికి కట్టిన గడ్డ కూడా నిలవదు, రక్తం ఆగదు. పీఏఐ-1 అనే ప్రోటీన్ టీపీఏని పట్టేస్తుంది. యాంటీప్లాస్మిన్‌ని 13వ ఫ్యాక్టర్ పోగులకే కుట్టేస్తుంది. మీ నాన్నగారి సిరలో కొత్త పోగులు పుట్టే వేగం తెగే వేగాన్ని మించిపోయింది. మాత్ర త్రాంబిన్ తయారీని తగ్గిస్తుంది. కుళాయి కట్టేస్తే తూము తన పని తాను చేసుకుపోతుంది కదా, అలాగ.

డీ-డైమర్ గురించి భయపడకండి. ప్లాస్మిన్ తెంపినా 13వ ఫ్యాక్టర్ కుట్టు విడిపోదు, ఆ కుట్టుతో జంటగా మిగిలిన ముక్కే డీ-డైమర్. అంటే ఎక్కడో గడ్డ ఉంది, ఒళ్లు దాన్ని తెంపుతోంది అని. ఇన్ఫెక్షన్‌లో, ఆపరేషన్ తర్వాత, గర్భంలో, వయసుతో కూడా పెరుగుతుంది. అందుకే డాక్టర్లు దాన్ని ఎక్కువగా గడ్డ లేదని తేల్చుకోవడానికి వాడతారు.

ఐసీయూ_నర్సు:
అమ్మా, ఇంజెక్షన్ సంగతి నేను చెప్తాను, చాలా ఏళ్లు ఆ డ్యూటీ చేశాను. కరిగించే మందు, అంటే పైన చెప్పిన టీపీఏ లాంటిది, గడ్డ ఒక్కదాన్నే చూసుకుని పోదు, ఒంట్లో ఎక్కడ మానని గాయం ఉంటే అక్కడ కట్టిన గడ్డనీ విప్పుతుంది. పక్షవాతంలో టీపీఏ పనిచేస్తుందని 1995లో తేల్చిన అమెరికా ట్రయల్‌లో 624 మంది ఉన్నారు, మూడు గంటల్లోపు ఇచ్చారు. మూడు నెలల తర్వాత పెద్దగా వైకల్యం లేకుండా తేరుకున్నవాళ్లు మందు తీసుకున్నవాళ్లలోనే ఎక్కువ. కానీ మెదడులో రక్తస్రావమై పరిస్థితి దిగజారినవాళ్లు మందు ఇచ్చినవాళ్లలో 6.4 శాతం, ఇవ్వనివాళ్లలో 0.6 శాతం. 2008లో ఇంకో ట్రయల్‌తో ఆ గడువు నాలుగున్నర గంటలైంది. అక్కడ ప్రతి నిమిషం మెదడు కణాలు చచ్చిపోతుంటాయి కాబట్టి ఆ రిస్కు తీసుకుంటారు. పిక్కలో గడ్డకి వ్యవధి ఉంది, ఒళ్లు చేసుకోగలదు, అనవసరంగా ఆ రిస్కు ఎందుకు? అదే గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయి బీపీ పడిపోతే లెక్క మారుతుంది, అప్పుడు ఇస్తారు. నాన్నగారికి ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అడక్కుండా మాత్ర మాత్రం ఆపొద్దు.

రెండోకాన్పు:
నాది దీనికి పూర్తిగా ఎదురు కథ, అయినా చెప్పాలనిపించింది. రెండో కాన్పులో నాకు రక్తం ఆగలేదు. అప్పుడు ఎక్కించినవాటిలో ట్రానెక్సామిక్ యాసిడ్ ఒకటి. తర్వాత చదివితే తెలిసింది, అది గడ్డ కట్టించే మందు కాదట, కట్టిన గడ్డ విడిపోకుండా కాపాడేదట. ప్లాస్మినోజెన్ పోగుల మీద లైసిన్ ఉన్నచోట పట్టుకుంటుంది, ఈ మందు అచ్చం లైసిన్‌లా ఉండి ఆ పట్టును ముందే ఆక్రమిస్తుంది. దీన్ని కనిపెట్టింది జపాన్‌లో ఉతాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకే, 1962లో. యుద్ధం తర్వాత డబ్బులేని రోజుల్లో రక్తం మీద పరిశోధన ఎందుకు ఎంచుకున్నారంటే, తక్కువైతే తమ రక్తమే తీసుకోవచ్చని. పాపని వీపుకు కట్టుకుని ల్యాబ్‌లో పనిచేసేవారట ఆవిడ. కాన్పు రక్తస్రావంలో మందు ప్రాణాలు కాపాడుతుందని ఇరవై వేల మంది స్త్రీలతో చేసిన ట్రయల్ 2017లో తేల్చింది, అది కూడా మూడు గంటల్లోపు ఇస్తేనే బాగా. ఆవిడ అంతకు ఏడాది ముందే, 2016లో పోయారు. ఆ ఫలితం ఆవిడ చూడలేదన్నది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వెన్నెల_2:
అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. నాన్నకి మొత్తం చదివి వినిపించాను. ఒక్క డౌట్ అండీ, వచ్చే నెల స్కాన్‌లో ఇంకా ఏదైనా కనిపిస్తే మాత్ర పనిచేయనట్టా?

ఫైబ్రిన్_పోగులు:
అలా అనుకోనక్కర్లేదు. రోజులు గడిచేకొద్దీ గడ్డలోకి కణాలు వచ్చి కొలాజెన్ వేస్తాయి, అది మచ్చలా సిర గోడకి అంటుకుని ఉండిపోతుంది. ప్లాస్మిన్ తెంపేది ఫైబ్రిన్‌ని, కొలాజెన్ దానికి లొంగదు. చాలామందికి స్కాన్‌లో అలాంటి మిగులు కనిపిస్తుంది. అది పాత మచ్చా, కొత్త గడ్డా అన్నదే డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్న, ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి, మాత్ర ఇంకా ఎన్ని నెలలో కూడా. ఇంకో సంగతి, తెల్ల కణాలు సూక్ష్మజీవుల్ని పట్టడానికి తమ డీఎన్‌ఏనే వలలా విసురుతాయని 2004లో బయటపడింది. ఆ డీఎన్‌ఏ పోగులు గడ్డల్లోనూ ఉన్నాయి, వాటిని ప్లాస్మిన్ తెంపలేదు. మేమిప్పుడు తల బద్దలు కొట్టుకుంటున్నది వాటి దగ్గరే.

వెన్నెల_2:
రాసుకున్నాను. నాన్న అడుగుతున్నారు, ఆ గీత కిందికి వంగడం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడొచ్చా అని.

ఫైబ్రిన్_పోగులు:
తప్పకుండా. రేపు రాత్రి నా సొంత ప్లాస్మాతోనే ఒక రన్ ఉంది, స్క్రీన్ ఫొటో ఇక్కడే పెడతాను.