నాన్న కింది పళ్ళ సెట్టుకి నైలాన్ క్యాపులా, రబ్బరు రింగులా, క్లిప్పా?

తణుకు అమ్మాయి:
నాన్నకి 74. కింద దవడలో కోరపళ్ళ చోట రెండు ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే మరలు, వేసి మూడు నెలలైంది, ఎముక పట్టిందన్నారు. ఇప్పుడు పళ్ళ సెట్టుని వాటికి తగిలించే భాగం మమ్మల్నే ఎంచుకోమంటున్నారు. డాక్టరు గారు బల్ల మీద మూడు నమూనాలు పెట్టారు: ఇంప్లాంటు మీది గుండుకి పట్టే రబ్బరు రింగు, పొట్టి బొడిపెకి నైలాన్ క్యాపు, రెండు ఇంప్లాంట్లనీ కలిపే కడ్డీకి ప్లాస్టిక్ క్లిప్పు. నాన్న మాత్రం "అన్నిట్లో గట్టిది వేసెయ్యండి" అన్నారు. పాత సెట్టు పెసరట్టు నములుతుంటే నాలుక మీదికి లేచొచ్చేది, ఆ కసి. కానీ కీళ్ళవాతంతో ఆయన వేళ్ళు వంకర్లు తిరిగాయి, చొక్కా గుండీలు కూడా అమ్మే పెడుతుంది. మరి రాత్రి సెట్టు తీసేదెవరు? అసలు రెండే ఇంప్లాంట్లు సరిపోతాయా?

ల్యాబు మనిషి:
చెల్లెమ్మా, పళ్ళ సెట్లు చేసే ల్యాబులో పని నాది. పట్టు సంగతి తర్వాత, ముందు ఏది అరగాలో చూసుకోండి. రోజూ తీసి పెట్టేది ఏదైనా అరుగుతుంది. సెట్టులోని నైలాన్ క్యాపు అరిగితే కుర్చీలో కూర్చోబెట్టి నిమిషాల్లో మార్చేస్తారు. నోట్లో బిగించిన బొడిపె అరిగితే అది ఖర్చు. లోహం మీద లోహం రుద్దుకునే రకాలంటే నాకు అందుకే భయం. ఆ పొట్టి బొడిపె రకాన్నే లొకేటర్ అంటారు. దాని క్యాపుల్లో తెల్లది సుమారు 2.3 కిలోల పట్టు, గులాబీది 1.4, నీలంది 0.7. అదీ ఒక్కో క్యాపుకి! నీలంతో మొదలెట్టమనండి, చాలకపోతే గులాబీకి మారొచ్చు. రబ్బరు రింగు చవకే, కానీ గుండు ఎత్తుగా ఉంటుంది. దాని మీద సెట్టు పలచబడి అక్కడే చీలినవి నా దగ్గరికి చాలా వచ్చాయి. కడ్డీ కింద రోజూ సన్న బ్రష్‌తో తోమాలి. ఆ వేళ్ళతో వద్దు.

నిడదవోలు బాబాయి:
అమ్మా, నాకు గులాబీవి వేశారు. మొదటి రాత్రి సెట్టు ఊడక స్నానాల గదిలో అరగంట కుస్తీ పట్టాను. ఇప్పుడు నీలంవి, హాయిగా ఉంది. బొడిపె నడిమి గుంటలో నువ్వులు, వంకాయ గింజలు ఇరుక్కుంటాయి, తోమాలి. సెట్టుని వేళ్ళతో నొక్కి కూర్చోబెట్టమను, కొరికి కాదు. వేడినీళ్ళలో అసలు వెయ్యొద్దు.

పళ్ళ డాక్టరు:
రెండు చాలండి. పళ్ళు లేని కింది దవడకి రెండు ఇంప్లాంట్ల సెట్టే మొదటి ఎంపిక కావాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్‌లో నిపుణులు చెప్పారు. వేళ్ళు మరీ సహకరించకపోతే అయస్కాంతాలున్నాయి, తేలిగ్గా ఊడొస్తాయి. పట్టు తక్కువ, పైపూత అరిగితే లాలాజలానికి తుప్పు పడతాయి. ఎమ్మారై తీయాల్సొస్తే ముందే చెప్పాలి.

తణుకు అమ్మాయి:
శనివారం నీలంవి వేయించాం. మూడో ప్రయత్నానికి నాన్నే బొటనవేలితో తీసేశారు. తీసి, "ఇంతేనా దీని పట్టు?" అని మూతి ముడుచుకున్నారు. ఇంకో రెండు జతలు తెప్పించి ఉంచమని డాక్టరు గారికి చెప్పొచ్చాను. రేపు పొద్దున పెసరట్టు, అల్లం పచ్చడి.