సున్నా శాతం అన్నారు, మరి ఈ 216.79 ఎక్కడిది?

ఎర్రపెన్ను (ప్రశ్న)

నమస్కారం అండీ. లెక్కల్లో నేను మరీ మొద్దును కాదు. స్టేట్‌మెంట్ వచ్చిన రోజే ప్రింట్ తీసి, ఎర్ర పెన్ను పట్టుకుని ఒక్కో లైను పక్కన టిక్కు పెట్టే అలవాటు ఉంది. ఇంట్లో దీని మీద జోకులు కూడా వేస్తారు. అలాంటిది ఈసారి రెండు కార్డుల స్టేట్‌మెంట్లు పక్కపక్కన పరుచుకుని రెండు గంటలు కూర్చున్నా చిక్కుముడి విడలేదు.

సంగతి ఇదీ. పాత కార్డు మీద 80,000 బాకీ ఉండేది. వడ్డీ ఏడాదికి 36 శాతం. నెలనెలా కడుతున్నా బాకీ మాత్రం ఉన్నచోటు నుంచి కదిలేది కాదు. ఇంతలో ఇంకో బ్యాంకు వాళ్లు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ ఇస్తామన్నారు, అంటే పాత కార్డు బాకీని తమ కార్డు మీదకి మార్చుకోవడం. ఆరు నెలలు సున్నా వడ్డీ, 3 శాతం ఫీజు. ఫీజు 2,400 కలిపి కొత్త కార్డు మీద 82,400 పడింది. 19వ తేదీన పాత కార్డుకి డబ్బు చేరినట్టు మెసేజ్ వచ్చింది. యాప్ తెరిస్తే బ్యాలెన్స్ 0.00. స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను. కార్డును డ్రాయర్లో పడేసి, ఆ యాప్ నోటిఫికేషన్లు ఆపేసి, చాలా రోజుల తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఇక దెబ్బలు. కొత్త కార్డు స్టేట్‌మెంట్ 30న వచ్చింది. ఆ నెలలో దాని మీద మూడు కొన్నాను: 3న కారు టైర్లు 6,200, 11న పంటి డాక్టరుకి 2,000, 18న హెడ్‌ఫోన్స్ 1,200. మొత్తం 9,400. డ్యూ డేట్ 20న 15,000 కట్టాను. అంటే కొన్నదానికన్నా ఎక్కువే కట్టాను కదా. అయినా కింద ఫైనాన్స్ ఛార్జెస్ 216.79 అని ఉంది. సున్నా శాతం కార్డులో వడ్డీ ఏమిటండీ?

రెండోది ఇంకా విచిత్రం. మొన్న 5న పాత కార్డు వాళ్ల నుంచి 1,638.43 కట్టమని వచ్చింది. 0.00 అని చూపించిన కార్డు! వెనక్కి వెళ్లి చూస్తే కిందటి నెల 5నే 1,104.66 అని బిల్లు వేశారు. నేను చూడలేదు. దాని మీద లేట్ ఫీజు 500, మళ్లీ వడ్డీ 33.77. ఆ కార్డుతో నేను గుండుసూది కూడా కొనలేదు.

ఇంకోటి. ఆరు నెలలు 15,000 చొప్పున కడితే 90,000 అవుతుంది కాబట్టి గడువులోగా తేలిపోతుందని నా ప్లాన్. అది కూడా తప్పేనా అని ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. ఎవరైనా విడమరిచి చెప్తారా?

చిట్టాపుస్తకం

ఎర్రపెన్ను గారూ, స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి చూసే మనిషి ఇంకొకరు ఉన్నారని తెలిసి సంతోషం. పాత కార్డుతో మొదలుపెడతాను, అది తేలిక.

కార్డు వడ్డీ రోజువారీ పెరుగుతుంది, బిల్లులో మాత్రం నెలకోసారి కనపడుతుంది. 5న బిల్లు వచ్చేసరికి మీ బాకీ 80,000. డబ్బు చేరింది 19న. మధ్యలో 14 రోజులు ఆ 80,000 అక్కడే కూర్చుని ఉంది. దాని మీద ఏడాదికి 36 శాతం, అంటే 28,800ని 365తో భాగిస్తే రోజుకి 78.904. పద్నాలుగు రోజులకి 1,104.66. పైసాతో సహా సరిపోయింది చూడండి. 19న యాప్ చూపించిన 0.00 అబద్ధం కాదు, కానీ ఆ పద్నాలుగు రోజుల వడ్డీ అప్పటికి ఖాతాలోకి ఎక్కలేదు. దీన్ని ట్రెయిలింగ్ ఇంట్రెస్ట్ అంటారు. నేను తోక వడ్డీ అంటాను. పాము పుట్టలోకి వెళ్లిపోయిందనుకుంటాం, తోక ఇంకా బయటే ఉంటుంది. వడ్డీ పడుతున్న బాకీని బదిలీ చేసినవాళ్లలో చాలామందికి ఇది వస్తుంది. కాబట్టి 1,104 మీకు జరిగిన అన్యాయం కాదు, ఎటూ మీరు కట్టాల్సినదే. నోటిఫికేషన్లు ఆపేయడం వల్ల పోయింది 500, ఆ చిల్లర వడ్డీ.

ఇప్పుడు కొత్త కార్డు. మనందరం బోల్తా పడేది ఇక్కడే. సున్నా శాతం అనేది కార్డుకి కాదండీ, బదిలీ అయిన ఆ 82,400కి. టైర్లకి మామూలు రేటే. మీ కొత్త కార్డు మామూలు రేటు కూడా 36 అనుకుని లెక్క వేశాను: 6,200 మీద 27 రోజులకి 165.11, 2,000 మీద 19 రోజులకి 37.48, 1,200 మీద 12 రోజులకి 14.20. కూడితే 216.79.

"కొన్నవాటికి డ్యూ డేట్ దాకా వడ్డీ ఉండదు కదా" అని మీరు అడుగుతారు. ఆ గ్రేస్ పీరియడ్ ఉచితంగా ఇచ్చేది కాదు. కిందటి బిల్లు మొత్తం, అంటే టోటల్ డ్యూ అంతా కట్టినవాళ్లకే. మీ కిందటి బిల్లు 82,400. కట్టింది 15,000. మిగతా 67,400 సున్నా వడ్డీదే అయినా, అది బాకీయే. బాకీ మిగిలింది కాబట్టి గ్రేస్ పోయింది. గ్రేస్ పోయాక ఏది కొన్నా కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. కొన్ని కార్డుల్లో బదిలీ మొత్తాన్ని పక్కన పెట్టి మిగతాది కడితే గ్రేస్ ఇస్తారు. మీది ఆ రకం కాదని 216.79 చెబుతోంది.

నేనూ ఒకసారి ఇలాగే ఇరుక్కున్నాను. నా ఖర్చు టైర్లు కాదు, పెళ్లి బట్టలు. ఎంత వడ్డీ కట్టానో చెప్పను, ఇంట్లోవాళ్లు ఇది చదువుతారు.

కత్తెర

ఇంత లెక్క ఎందుకండీ? రెండు కార్డులూ కత్తిరించి పారేయండి. అంతా మోసం. పెనం మీంచి పొయ్యిలో పడటానికి ఫీజు కూడా కట్టారు మీరు.

చిట్టాపుస్తకం

కత్తెర గారూ, కోపం సరే, లెక్క చూడండి. 80,000 మీద 36 శాతం అంటే నెలకి సుమారు 2,400. ఆయన కట్టిన ఫీజు కూడా సరిగ్గా అంతే. అంటే ఒక నెల వడ్డీ ఇచ్చి ఆరు నెలల వడ్డీ తప్పించుకున్నారు. పొరపాట్ల వల్ల పోయింది 500, 33.77, 216.79, అన్నీ కలిపి 750 చిల్లర. బదిలీ చేయడం తప్పు కాదు, అదే కార్డుతో టైర్లు కొనడం తప్పు. ఇంకో మాట, ప్లాస్టిక్ కత్తిరిస్తే బాకీ తెగదు.

హెడ్‌సెట్

కస్టమర్ కేర్‌లో నాలుగేళ్లు కార్డుల ఫోన్లు ఎత్తాను. "నా బ్యాలెన్స్ సున్నా, మళ్లీ బిల్లేంటి" అనే ఫోన్ రాని షిఫ్టు లేదు. చిట్టాపుస్తకం గారు చెప్పింది కరెక్ట్. నేను మూడు సంగతులు కలుపుతాను.

ఒకటి, పాత కార్డు వాళ్లకి ఫోన్ చేసినప్పుడు "నా బ్యాలెన్స్ ఎంత" అని అడగకండి. అలా అడిగితే స్క్రీన్ మీద ఉన్న అంకె చదివి వినిపిస్తారు. "నేను ఫలానా తేదీన కడతాను, ఆ రోజుకి వడ్డీతో సహా మొత్తం తీరడానికి ఎంత కట్టాలి" అని అడగండి. అది వేరే లెక్క, వేరే స్క్రీన్. కట్టాక ఇంకో బిల్లు సున్నాగా వచ్చేదాకా ఆ కార్డును వదలకండి. లేట్ ఫీజు తీసేయమని మర్యాదగా అడగండి. అంతకుముందు ఎప్పుడూ లేటు కానివాళ్లకి ఒకసారి తీసేసే అధికారం మాకు ఉండేది. అరిచినవాళ్లకీ ఉండేది, కానీ చెయ్యబుద్ధి అయ్యేది కాదు.

రెండు, మీ ఆరు నెలల ప్లాన్. ఇది ఎవరూ గమనించలేదు. మీ బదిలీ 19న పడింది. ఆరు నెలలు ఆ రోజు నుంచి లెక్కపెడితే 18తో అయిపోతాయి. మీ డ్యూ డేట్ 20. వేళ్ల మీద లెక్కపెట్టండి: గడువు లోపల మీకు వచ్చే డ్యూ డేట్లు ఐదే. ఐదు పదిహేనులు 75,000. మిగిలిన 7,400 మీరు 20న కడతారు, గడువు దాటిన రెండో రోజున. మామూలు ఆఫర్ అయితే ఒకటి రెండు రోజుల వడ్డీయే, పెద్ద నష్టం లేదు. కానీ ఆఫర్ కాగితంలో మాట ఎలా ఉందో చూడండి. "ఆరు నెలలు వడ్డీ లేదు" వేరు, "ఆరు నెలల్లో మొత్తం కడితే వడ్డీ లేదు" వేరు. రెండోదైతే 10 మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ అంతా వెనక్కి తిరగదోడి వేస్తారు. ఇలాంటి కేసులో ఫోన్లోనే ఏడ్చినవాళ్లు ఉన్నారు. గడువు చివరి తేదీ ఏదని బ్యాంకునే అడిగి రాసిపెట్టుకోండి.

మూడు, ఒక్క మినిమమ్ డ్యూ (ప్రతి బిల్లులో తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) తప్పినా సున్నా రేటు రద్దు చేసే షరతు చాలా ఆఫర్లలో ఉంటుంది. పాత కార్డు దగ్గర చేసిన పని కొత్తదాని దగ్గర చేస్తే 500తో పోదు. ఆటో డెబిట్ కనీసం మినిమమ్‌కైనా పెట్టుకోండి.

ఎర్రపెన్ను

చదువుతుంటే ఒళ్లు మండింది. బ్యాంకు మీద కాదు, ఆ స్క్రీన్‌షాట్ తీసుకుని మురిసిపోయిన నా మీద. ఒక్క డౌటు. ఇప్పుడు ఆ 9,400 విడిగా కట్టేస్తే టైర్ల వడ్డీ ఆగుతుందా? లేక నేను కట్టింది ఆ సున్నా వడ్డీ బాకీలోకే పోతుందా?

హెడ్‌సెట్

మంచి ప్రశ్న, చాలామంది అడగరు. కట్టిన డబ్బు ముందు దేనికి పోవాలో షరతుల్లో రాసి ఉంటుంది, పేమెంట్ అలొకేషన్ అనే పేరాలో. కొన్ని చోట్ల ఎక్కువ రేటు ఉన్నదానికి ముందు, కొన్ని చోట్ల మినిమమ్ వరకు తక్కువ రేటుదానికి, ఆపైనది ఎక్కువ రేటుదానికి. తక్కువ రేటుదానికే ముందు పోయే చోట అయితే బదిలీ బాకీ అంతా తీరేదాకా టైర్లు 36 శాతంలో మగ్గుతూనే ఉంటాయి. అడిగి కట్టండి. ఏదైనా సరే, 20 దాకా ఆగకండి. 9,400 మీద రోజుకి 9.27 ఎక్కుతోంది. డ్యూ డేట్ ఆఖరి రోజు మాత్రమే, అంతకుముందు కట్టకూడదని ఎక్కడా లేదు.

ఎర్రపెన్ను

అప్‌డేట్. ఇవాళ 9వ తేదీ, పొద్దున్నే రెండు చోట్లా ఫోన్ చేశాను.

పాత కార్డు: హెడ్‌సెట్ గారు చెప్పిన మాటలే కాగితం మీద రాసుకుని చదివాను. అవతలి అమ్మాయి "ఒక్క నిమిషం సార్" అని పాట పెట్టి వెళ్లింది. తిరిగొచ్చి, లేట్ ఫీజు ఈ ఒక్కసారికి తీసేస్తున్నాం, ఇవాళ కడితే 1,142.79 అంది. ఫోన్లో ఉండగానే కట్టేశాను. వచ్చే నెల 5న సున్నా బిల్లు వచ్చాక కార్డు మూసేయమని అడుగుతాను. నోటిఫికేషన్లు మళ్లీ ఆన్ చేశాను.

కొత్త కార్డు: 216.79 తగ్గించరట. బతిమాలినా లాభం లేకపోయింది, నేనూ ఎక్కువ లాగలేదు. వాళ్ల దగ్గర బిల్లులో ఎక్కిన బాకీల్లో మినిమమ్ పోను మిగతాది ఎక్కువ రేటు ఉన్నదానికి పోతుందట. 20న నేను 15,000 కట్టేనాటికి టైర్లూ అవీ ఇంకా బిల్లులోకి ఎక్కలేదు, అందుకే అదంతా బదిలీ బాకీలోకే పోయింది. అందుకని ఇవాళే మినిమమ్, దానిపైన 9,616.79 కలిపి కట్టేశాను. పోయిన 30 నుంచి ఇవాళ్టి దాకా పది రోజుల వడ్డీ 92, 93 వస్తుందని నా లెక్క. సున్నా రేటు చివరి రోజు 18 అని వాళ్లే చెప్పారు, ఈమెయిల్లో పంపమంటే పంపారు. మన ఆఫర్ "మొత్తం కడితేనే" రకం కాదు, అది ఒక్కటి బతికిపోయాను. ఆరో వాయిదా 17నే కట్టేలా క్యాలెండర్లో పెట్టుకున్నాను. కొత్త కార్డు వివరాలు ఫోన్లో ఎక్కడెక్కడ సేవ్ అయి ఉన్నాయో అన్నిచోట్లా తీసేశాను, మూడు చోట్ల ఉంది.

30న స్టేట్‌మెంట్ వస్తుంది. 93 దగ్గర ఆగిందో లేదో వచ్చి చెప్తాను.