సెవెన్ సిస్టర్స్ కొండల నడక: కారు లేకుండా, అమ్మానాన్నలతో కుదురుతుందా?

కొత్త బాటసారి:
అందరికీ నమస్కారం. అమ్మానాన్న రెండు నెలలు ఉండడానికి లండన్ వచ్చారు. మ్యూజియాలూ కోటలూ అయిపోయాయి. ఇప్పుడు నాన్న ఫోన్‌లో ఒక ఫొటో పట్టుకున్నారు. సముద్రం పక్కన కత్తితో కోసినట్టు నిలబడ్డ తెల్లటి కొండలు, ముందు రెండు మూడు చిన్న ఇళ్లు. "ఇదెక్కడరా, ఇక్కడికి తీసుకెళ్లు" అని రోజూ అదే పాట. వెతికితే ఇంగ్లండ్ దక్షిణ తీరంలో వరుసగా ఉన్న ఏడు సుద్దకొండలు, సెవెన్ సిస్టర్స్ అని తేలింది.

మాకు కారు లేదు. నాన్నకి 64, రోజూ గంటన్నర నడుస్తారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మా బాబుకి ఆరేళ్లు, ఒక్కచోట నిలవడు. వచ్చే శనివారం సీఫర్డ్‌లో రైలు దిగి, ఆ ఫొటో చోటు చూసి, బీచ్ మీదుగా అటు దాటి, ఏడు కొండలూ ఎక్కేసి ఈస్ట్‌బోర్న్‌లో రైలెక్కుదామని ప్లాను. మ్యాప్‌లో దగ్గరగానే కనిపిస్తోంది. సరిపోతుందా?

ఉప్పుగాలి:
"బీచ్ మీదుగా అటు దాటి" అన్నారు చూడండి, అక్కడే ఆగండి. మధ్యలో కక్‌మియర్ నది ఉంది. అది సముద్రంలో కలిసే చోట వంతెన లేదు.

మేం మొదటిసారి ఇదే పొరపాటు చేశాం. ఫొటోలు తీసుకుని ఉత్సాహంగా కిందికి దిగాం. అవతలి గట్టు మీద ఒక కుటుంబం దుప్పటి పరుచుకుని కూర్చుంది. వాళ్ల పాప మా పాపకి చెయ్యి ఊపింది, మాది కూడా ఊపింది. మధ్యలో బురదరంగు నీళ్లు జోరుగా సముద్రంలోకి పోతున్నాయి. లోపలికి రెండు కిలోమీటర్లు నడిచి ఎక్సీట్ వంతెన దాటి, మళ్లీ అంత దూరమూ వెనక్కి వస్తే గాని అటువైపు బీచ్ రాదు. అప్పటికే పిల్లల ఓపిక అయిపోయింది. ఏడు కొండల్లో ఒక్కటీ ఎక్కకుండా బస్సెక్కేశాం.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: నదికి ఏ వైపు? మీ నాన్నగారి ఫొటో కావాలంటే పడమటి వైపు, అంటే సీఫర్డ్ హెడ్. ఆ చిన్న ఇళ్లు పాత కోస్ట్‌గార్డ్ కాటేజీలు, అవి అటే ఉన్నాయి. కొండల మీద నడవాలంటే తూర్పు వైపు. కొండల మీద నిలబడితే కొండలు కనపడవు కదా, గోపురం ఎక్కినవాడికి ఆ గోపురం కనపడనట్టే.

సుద్దబూట్లు:
తమ్ముడూ, సీఫర్డ్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా దాదాపు 22 కిలోమీటర్లు. అది చదునుగా ఉండదు. ఒక గుట్ట ఎక్కడం, వెంటనే నిలువుగా దిగడం, మళ్లీ ఎక్కడం. మోకాళ్లకి ఎక్కడం కంటే దిగడమే కష్టం. అమ్మగారిని ఆ దారిన తీసుకెళ్లొద్దు.

నేనైతే ఇలా చేస్తాను. లండన్ విక్టోరియా నుంచి లూయిస్, అక్కడ రైలు మారి సీఫర్డ్. స్టేషన్ దగ్గర 12వ నంబరు బస్సెక్కి ఎక్సీట్‌లో, సెవెన్ సిస్టర్స్ పార్క్ సెంటర్ దగ్గర అందరూ దిగండి. టాయిలెట్లు అక్కడే ఉన్నాయి, వాడుకోండి. దాటితే కొండల వరుసకి అటు చివర ఉన్న బీచ్, బర్లింగ్ గ్యాప్ దాకా మళ్లీ ఏమీ లేవు. అక్కణ్నుంచి బీచ్‌కి చదునైన గట్టి బాట ఉంది, బిడ్డల బండి కూడా వెళ్తుంది. సుమారు రెండు కిలోమీటర్లు. పక్కనే నది పాములా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. అమ్మగారు, మీ ఆవిడ, బాబు ఆ బాటన వెళ్లి బీచ్‌లో కూర్చుంటే మొదటి కొండ హేవెన్ బ్రో నెత్తిమీదే ఉంటుంది. 77 మీటర్లు, ఏడింట్లో అదే ఎత్తు.

మీరూ నాన్నగారూ అదే కొండ ఎక్కి బర్లింగ్ గ్యాప్ దాకా నడవండి. ఎక్సీట్ నుంచి ఆరున్నర కిలోమీటర్లు దాకా ఉంటుంది, ఆగుతూ వెళ్తే మూడు గంటలు వేసుకోండి. అక్కణ్నుంచి లోపలికి కిలోమీటరున్నర నడిస్తే ఈస్ట్ డీన్ ఊరు, 12వ నంబరు బస్సు అక్కడా ఆగుతుంది. మిగతా వాళ్లు ఎక్సీట్‌లో అదే బస్సెక్కి వస్తారు, కలిసి ఈస్ట్‌బోర్న్ వెళ్లిపోవచ్చు. శనివారం ఒక్కోసారి పట్టాల పనులుంటాయి, ముందు రోజు రైలు టైములు ఒకసారి చూసుకోండి.

కొత్త బాటసారి:
ఉప్పుగాలి గారూ, సుద్దబూట్ల అక్కా, చాలా థ్యాంక్స్. నది సంగతి తెలియకపోతే పరువు పోయేది. రెండు సందేహాలు. అంచు దగ్గర కంచె ఉంటుందా? మా నాన్నకి ఫొటోల పిచ్చి. రెండోది, కొండల మీద కాకుండా కింద బీచ్ వెంబడే బర్లింగ్ గ్యాప్‌కి వెళ్లొచ్చంటున్నారు, నిజమేనా?

మ్యాప్ మాస్టారు:
రెండోదానికి ముందు చెప్తాను: వద్దు. కక్‌మియర్‌కీ బర్లింగ్ గ్యాప్‌కీ మధ్య కొండ ఎక్కి బయటపడే దారి ఒక్కటీ లేదు. పోటు వచ్చిందంటే నీళ్లు కొండ పాదం దాకా వస్తాయి. ఆటు సమయం చూసుకుని వెళ్లేవాళ్లున్నారు. కానీ అడుగు తీసి అడుగు వేయలేని చెకుముకి రాళ్ల మీద 64 ఏళ్ల మనిషితో టైము లెక్కపెట్టుకుంటూ నడవడం ఎందుకు? పైగా పైనుంచి రాళ్లు రాలుతుంటాయి.

కంచె దాదాపు ఎక్కడా ఉండదు. గడ్డి అంచు దాకా మెత్తగా వెళ్లి ఠక్కున ఆగిపోతుంది. అది సుద్ద, బడిలో పలక మీద రాసిన సుద్దలాంటి రాయే. అలలు కింద తొలిచేస్తుంటాయి, పైన గడ్డి మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా ఉంటుంది. మీరు గట్టి నేలనుకుని నిలబడ్డ చోట కింద గాలే ఉండొచ్చు. నేనొకసారి అంచుకి నాలుగు అడుగుల ఇవతల చూశాను: గడ్డిలో వేలు పట్టేంత పగులు, అంచుకి సమాంతరంగా పాకింది. పగులుకి అటూ ఇటూ చిన్న తెల్లపూలు. అటువైపు ఇద్దరు కూర్చుని కాళ్లు వేలాడేసి సెల్ఫీ తీసుకుంటున్నారు. పిలిస్తే ఉలిక్కిపడి జారతారేమోనని మెల్లగా దగ్గేసి చెప్పాను.

ఈ కొండలు సగటున ఏడాదికి 30, 40 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతున్నాయంటారు. ఏటా అంతంత పోతుందని కాదు. కొన్నేళ్లు ఏమీ కాదు, తర్వాత ఒక్కసారి పెద్ద ముక్క ఊడిపడుతుంది. అలా రాలుతుండబట్టే ఇంత తెల్లగా ఉన్నాయి, లేకపోతే ఎప్పుడో గడ్డి మొలిచేది. కనీసం 5 మీటర్లు ఇవతల ఉండండి. గాలి జోరుగా ఉంటే ఇంకా ఎక్కువ. నాన్నగారికి ఫొటో కావాలంటే మీరు ముందు గుట్ట మీదికి వెళ్లి వెనక్కి తిరిగి తీయండి, అంచు కంటే అదే బాగా వస్తుంది.

ఎవరైనా పడితే, చిక్కుకుంటే దిగి కాపాడబోవద్దు. 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి.

సుద్దబూట్లు:
వాన పడితే ఆ సుద్ద సబ్బే. బూట్ల అడుగు గరుకుగా ఉండాలి, అడుగు నున్నగా ఉన్న బూట్లూ చెప్పులూ వద్దు.

ఉప్పుగాలి:
ఇంకో రోజు దొరికితే చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఫ్రిస్టన్ అడవి ఎక్సీట్‌కి ఎదురుగానే, ఎండా గాలీ ఎక్కువైతే నీడలో నడవచ్చు. విల్మింగ్టన్ దగ్గర కొండవాలు మీద గీసిన పొడుగు మనిషి బొమ్మ ఉంది, 72 మీటర్లు. వేల ఏళ్ల నాటిదనుకునేవారు, 2003లో తవ్వి చూస్తే 16, 17 శతాబ్దాలదని తేలింది.

బర్లింగ్ గ్యాప్ దాటాక బెల్ టూట్ లైట్‌హౌస్. అంచు దగ్గరికొచ్చేసిందని 1999లో భవనం మొత్తాన్ని పట్టాల మీద 17 మీటర్లు వెనక్కి జరిపారు! ఆ పక్కనే బీచీ హెడ్, 162 మీటర్లు. మీ నాన్నగారికి ఈ లైట్‌హౌస్ కథ చెప్పండి, అంచు దగ్గరికి తనంతట తనే వెళ్లరు.

కొత్త బాటసారి:
వెళ్లొచ్చాం! అక్క చెప్పిన ప్లానే. అమ్మ బీచ్‌లో రాళ్ల మీద కూర్చుని, మేం కొండ మీద చీమల్లా కనిపిస్తున్నామని ఫోన్ చేసింది. బాబు ఏరిన రాళ్లలో సగం అక్కడే వదిలించాం. నాన్న దారంతా లెక్కపెట్టి "ఏడు కాదురా, ఎనిమిది" అని ఒకటే వాదన. ఈస్ట్ డీన్‌లో బస్సు కోసం పది నిమిషాలే ఆగాం. ఫొటో చోటు ఈసారి కుదరలేదు, సీఫర్డ్ హెడ్‌కి మళ్లీ వెళ్లాల్సిందే.

ఒక చిన్న సందేహం. బూట్లన్నీ తెల్లగా సుద్ద పట్టేశాయి, తడిగుడ్డతో తుడిస్తే ఇంకా పాముకుంటోంది.

మ్యాప్ మాస్టారు:
ఎనిమిదోది అలల కోతకి ఇప్పుడిప్పుడే తయారవుతున్నదంటారు, నాన్నగారి లెక్క తప్పేం కాదు.

సుద్దబూట్లు:
తడిపెట్టకు తమ్ముడూ. పూర్తిగా ఆరనిచ్చి పాత టూత్‌బ్రష్‌తో బయట దులుపు, పొడిలా రాలిపోతుంది.