అప్‌డేట్: అన్నయ్య చికిత్సకు మందులా, కౌన్సెలింగా?

మద్యం మానడానికి మా అన్నయ్యకు మందులు చాలునా, కౌన్సెలింగ్ కూడా కావాలా అని మూడు నెలల క్రితం అడిగాను. రెండూ కావాలని ఇప్పుడు కళ్లారా చూశాను.

ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ రావచ్చని వైద్యులు మొదటి వారం ఆసుపత్రిలోనే ఉంచి, థయామిన్ (విటమిన్ బి1) ఇచ్చి, ఆ తర్వాత కాలేయ పరీక్షలు చూసి రోజుకు 50 మిల్లీగ్రాముల నాల్‌ట్రెక్సోన్ అనే, తాగాలన్న తపనను తగ్గించే మందు మొదలుపెట్టారు. మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ నొప్పి మందులు వాడేవారికి ఇది ఇవ్వకూడదు కనుక ఆ విషయం ముందే అడిగి తెలుసుకున్నారు.

తాగాలన్న తపన తగ్గింది గానీ, సాయంత్రం ఆరు కాగానే చేతులు నలుపుకుంటూ గుమ్మం వైపు చూడడం మాత్రం పోలేదు. ఆ గంటలో ఏం చేయాలో కౌన్సెలర్‌తో కూర్చుని రాసుకున్న కాగితం ఇప్పుడు అన్నయ్య జేబులోనే ఉంటుంది. మధ్యలో ఒకసారి తాగాడు. తిట్టకుండా మర్నాడే వైద్యుల దగ్గరకు తీసుకెళ్లాం, చికిత్స ఆగలేదు.